సగం నిండిన బ్యాటరీయే త్వరగా చనిపోతుంది: కరెంటు తీగ లేని చోట ట్రైలర్ నివాసం నేర్పే లెక్క

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, కాలిఫోర్నియా సరిహద్దుకు చేరువలో క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న ఊరు ఉంది. వేసవిలో ఎండకు మాడిపోయే ఆ ఎడారి పట్టణం చుట్టూ శీతకాలం రాగానే వేల సంఖ్యలో ట్రావెల్ ట్రైలర్లు వచ్చి నిలుస్తాయి. కారు వెనుక తగిలించి లాక్కుపోయే చక్రాల ఇళ్లు అవి. ఉత్తరాది మంచును తప్పించుకుని వచ్చే విశ్రాంత ఉద్యోగులు వాటిలో నెలల తరబడి కాపురం ఉంటారు. అమెరికా కేంద్ర ప్రభుత్వ భూ నిర్వహణ విభాగం ఇక్కడ లా పోసా పేరిట కేటాయించిన ఎడారి నేలలో సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు అనుమతి రుసుము చెల్లించి ఉండవచ్చు.

అయితే అక్కడ బండికి తగిలించుకోవడానికి కరెంటు ప్లగ్గు ఉండదు. రాత్రి దీపం, కుళాయికి నీరు తోడే పంపు, చలికి వేడిగాలి వీచే ఫ్యాను, ఫోను, ల్యాప్‌టాప్, కొందరికి నిద్రలో శ్వాస నిలిపే యంత్రం, ఇన్సులిన్ చెడకుండా కాచే ఫ్రిజ్‌ను నడిపించే సర్క్యూట్... ఇవన్నీ ట్రైలర్ ముందుభాగంలో ఇనుప చట్రంపై కూర్చున్న ఒకటి రెండు బ్యాటరీల మీదే ఆధారపడతాయి. అర్ధరాత్రి ఆ బ్యాటరీ చేతులెత్తేస్తే కలిగేది అసౌకర్యం మాత్రమే కాదు, కొందరికి ప్రాణాపాయం కూడా.

సరిగా చూసుకుంటే అయిదారేళ్లు పనిచేయవలసిన సీసం బ్యాటరీలు ఇలాంటి నివాసాల్లో ఒకటి రెండేళ్లకే మూలన పడుతుంటాయి. ‘ఎక్కువ వాడేశాం’ అన్నది యజమానులు సాధారణంగా చెప్పుకొనే కారణం. అది సగం నిజం మాత్రమే. వాడినదానికంటే, వాడిన తర్వాత పూర్తిగా నింపకపోవడమే ఎక్కువ బ్యాటరీలను చంపుతుంది.

పేర్ల వెనుక కథ

కరెంటు, నీటి కనెక్షన్లు లేని బయలులో ఇలా బండి నిలిపి ఉండటాన్ని అమెరికన్లు ‘బూన్‌డాకింగ్’ అంటారు. ఫిలిప్పీన్స్‌లో మాట్లాడే తగాలోగ్ భాషలో ‘బుందోక్’ అంటే కొండ. అమెరికా సైనికుల నోట పడి ఆ మాట ‘ఎవరూ వెళ్లని మారుమూల’ అనే అర్థం తెచ్చుకుంది. ‘బ్యాటరీ’ అన్న మాట కూడా యుద్ధరంగానిదే. బారులు తీర్చిన ఫిరంగుల వరుసకు ఆ పేరు ఉండేది. విద్యుత్తును నిలువచేసే గాజు జాడీలను వరుసగా కలిపినప్పుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1749లో ఆ మాటను వాటికి వాడారు. మళ్లీ మళ్లీ నింపుకోగల సీసం బ్యాటరీని ఫ్రాన్స్‌కు చెందిన గస్తోన్ ప్లాంతే 1859లో రూపొందించారు. నేటికీ ఎక్కువ ట్రైలర్లలోనూ, మన ఇళ్లలోని ఇన్వర్టర్ల పక్కనా ఉన్నది దాని వారసత్వమే.

ముందు ఖర్చు తెలియాలి

బ్యాటరీ ధాన్యపు గాదె వంటిది. రోజుకు ఎన్ని మానికలు వండుతున్నామో తెలియకుండా గాదె ఎంత పెద్దది కట్టాలో, ఎంత పంట తెచ్చి పోయాలో నిర్ణయించలేం. ఇక్కడ కొలమానం వాట్-అవర్. పరికరం తీసుకునే వాట్లను అది నడిచే గంటలతో గుణిస్తే వచ్చే సంఖ్య ఇది.

ఇద్దరు నివసించే ఒక ట్రైలర్‌ను శీతకాలపు రోజున ఊహించుకుందాం. 5 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు నాలుగు, అయిదు గంటల పాటు వెలిగితే 100 వాట్-అవర్లు. 60 వాట్ల నీటి పంపు మొత్తం మీద 20 నిమిషాలు తిరిగితే 20. రెండు ఫోన్లకు 30. 50 వాట్ల ల్యాప్‌టాప్ మూడు గంటలకు 150. వేడిగాలి ఫ్యాను 80 వాట్ల చొప్పున నాలుగు గంటలకు 320. గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్‌లోని కంట్రోల్ బోర్డు, గ్యాస్ లీకును పసిగట్టే పరికరం రాత్రింబగళ్లు కలిపి సుమారు 140. మొత్తం 760 వాట్-అవర్లు.

ఈ పట్టికలో కనిపించని దొంగ ఒకటి ఉంటుంది. అది ఇన్వర్టర్. దానికి ఏ పరికరమూ తగిలించకపోయినా, స్విచ్ వేసి ఉంచితే చాలు, 15 వాట్లు తానే తినవచ్చు. రోజంతా అలా వదిలేస్తే 360 వాట్-అవర్లు, అంటే పై ఖర్చులో దాదాపు సగం, ఎవరికీ ఉపయోగపడకుండా పోతాయి. ఫోన్లను 12 వోల్టుల సాకెట్ నుంచే ఛార్జి చేసుకుని, ఇన్వర్టర్‌ను అవసరమైన గంటల్లోనే వేయడం ఖర్చులేని మొదటి పొదుపు.

ఇక గాదె సంగతి. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల సీసం బ్యాటరీలో పేరుకు 1,200 వాట్-అవర్లు ఉంటాయి. కానీ అందులో సగానికి మించి వాడితే ఆయుష్షు వేగంగా తరుగుతుంది. చేతికి వచ్చేది 600 మాత్రమే. 760 ఖర్చున్న ఇంటికి అది ఒక్క రోజుకు కూడా చాలదు. అందుకే అనుభవజ్ఞులు గోల్ఫ్ బండ్లలో వాడే 6 వోల్టుల బ్యాటరీలు రెండింటిని వరుసలో కలుపుతారు. సుమారు 225 ఆంపియర్-అవర్ల ఆ జంటలో 2,700 వాట్-అవర్లు, వాడుకోదగినవి 1,350 ఉంటాయి. మబ్బు పట్టినా దాదాపు రెండు రోజులు నెట్టుకురావచ్చు. కలిపే రెండూ ఒకే రకానివి, ఒకే వయసువి కావాలి. పాతదానితో కొత్తదాన్ని జత చేస్తే పాతది కొత్తదాన్ని కూడా తన స్థాయికి లాగుతుంది.

చివరి 20 శాతమే కీలకం

సీసం బ్యాటరీ ఖాళీ అవుతున్నప్పుడు దాని ప్లేట్ల మీద సీసపు సల్ఫేట్ సన్నని స్ఫటికాలుగా ఏర్పడుతుంది. తిరిగి ఛార్జి చేస్తే అది కరిగి ఆమ్లంలో కలిసిపోతుంది. అయితే రోజుల తరబడి సగం సగంగానే నింపి వదిలేస్తే మిగిలిన స్ఫటికాలు పెరిగి గట్టిపడతాయి. ఆ తర్వాత మామూలు ఛార్జింగ్‌కు అవి కరగవు. ఆ మేరకు ప్లేటు పనికిరానిదవుతుంది. బయటికి బ్యాటరీ నిండినట్టే కనిపించినా లోపలి గాదె కుంచించుకుపోయి ఉంటుంది. దీనినే సల్ఫేషన్ అంటారు.

పూర్తిగా నింపడం ఎందుకు కష్టమో తెలియాలంటే ఛార్జింగ్ దశలను గమనించాలి. మొదటి దశలో బ్యాటరీ ఆకలితో ఉంటుంది. ఛార్జర్ ఇచ్చినంత కరెంటునూ తీసుకుంటుంది. సుమారు 80 శాతం నిండాక రెండో దశ మొదలవుతుంది. ఛార్జర్ వోల్టేజీని 14.4 నుంచి 14.8 మధ్య స్థిరంగా నిలుపుతుంది, బ్యాటరీ తీసుకునే కరెంటు మాత్రం క్రమంగా తగ్గిపోతుంది. మిగిలిన 20 శాతం నిండటానికి నాలుగు గంటలు లేదా అంతకు మించి పడుతుంది. ఎంత పెద్ద ఛార్జర్ తెచ్చినా ఈ దశను తొందరపెట్టలేం. బ్యాటరీ తీసుకునే కరెంటు దాని సామర్థ్యంలో ఒకటి రెండు శాతానికి, అంటే మన జంట విషయంలో 2 నుంచి 4 ఆంపియర్లకు పడిపోయినప్పుడే నిజంగా నిండినట్టు. ఆ తర్వాత 13.5 వోల్టుల చుట్టూ నిలిపి ఉంచడం మూడో దశ.

పాత ట్రైలర్లలో ఉండే కొన్ని కన్వర్టర్లు ఎప్పుడూ 13.6 వోల్టులే ఇస్తాయి. అవి రాత్రంతా నడిచినా బ్యాటరీని నిండుగా నింపలేవు. మూడు దశల ఛార్జర్‌కు మారడం అలాంటి బండికి చేయదగిన మొదటి మరమ్మతు.

ఉదయం జనరేటర్, పగలంతా సూర్యుడు

ఈ స్వభావం తెలిస్తే జనరేటర్‌ను ఎప్పుడు వాడాలో దానంతట అదే తేలుతుంది. చాలామంది సాయంత్రం పూట గంటన్నర సేపు జనరేటర్ వేసి, తర్వాత ఆపి నిద్రపోతారు. బ్యాటరీ 80 శాతం వద్ద ఆగి, రాత్రికి మళ్లీ దిగిపోతుంది. ఒక్క రోజు కూడా నిండదు.

దానికి బదులు తెల్లవారి, బ్యాటరీ బాగా తగ్గి ఉన్నప్పుడు జనరేటర్ వేయాలి. 225 ఆంపియర్-అవర్ల జంట సగానికి దిగి ఉంటే, 45 ఆంపియర్ల ఛార్జర్ గంటన్నరలో దాన్ని 80 శాతానికి చేరుస్తుంది. అక్కడ జనరేటర్ ఆపేసి, నిదానంగా సాగే మిగతా పని సోలార్ ప్యానెల్‌కు అప్పగించాలి. ఎక్కువ కరెంటు కావలసిన పనికి ఇంధనం, ఎక్కువ సమయం కావలసిన పనికి సూర్యుడు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ల్యాప్‌టాప్ వంటి వాటిని కూడా మధ్యాహ్నం ఎండలోనే ఛార్జి చేసుకుంటే రాత్రి గాదె మీద భారం తగ్గుతుంది.

జనరేటర్ పొగలో వాసన, రంగు లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. నిద్రలోనే ప్రాణం తీయగలదు. జనరేటర్‌ను కిటికీలకు, తలుపులకు కనీసం 20 అడుగుల దూరంలో ఉంచాలని అమెరికా ఆరోగ్య అధికారులు హెచ్చరిస్తారు. ట్రైలర్ లోపల ఆ వాయువును పసిగట్టే అలారం పనిచేస్తున్నదో లేదో ప్రయాణానికి ముందే పరీక్షించుకోవాలి.

కారు లాగుతున్నప్పుడు దాని ఆల్టర్నేటర్ నుంచి కూడా ట్రైలర్ బ్యాటరీకి కొంత కరెంటు వస్తుంది. కానీ పొడవైన సన్నని తీగలో వోల్టేజీ పడిపోవడంతో అది స్వల్పమే. ఆ ఆదాయాన్ని పెంచుకోవాలంటే లావు తీగలతో పాటు వోల్టేజీని సరిచేసి ఇచ్చే డీసీ-డీసీ ఛార్జర్ కావాలి.

శీతకాలపు ఎండలో మోసం

ఎడారి కదా, ఎండకు కొదవేమిటన్న ధీమా చాలామందిని దెబ్బతీస్తుంది. క్వార్ట్‌జ్‌సైట్ ఉత్తర అక్షాంశం దాదాపు 33.7 డిగ్రీలు. డిసెంబరు 21 ప్రాంతంలో అక్కడ పగలు సుమారు 10 గంటలే. నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణ దిక్కున 33 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. అదే రోజున హైదరాబాద్‌లో 49 డిగ్రీల ఎత్తు వరకు వస్తాడు. ట్రైలర్ పైకప్పు మీద బల్లపరుపుగా పరిచిన ప్యానెల్‌కు ఆ ఏటవాలు ఎండలో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే దక్కుతుంది.

లెక్క చూద్దాం. ఆ కాలంలో పరిచి ఉంచిన ప్యానెల్‌కు రోజు మొత్తం మీద సుమారు 3 గంటల పూర్తి ఎండకు సమానమైన వెలుగు అందుతుందనుకుందాం. తీగల్లో, వేడిలో, బ్యాటరీలో పోయేవి తీసేస్తే 200 వాట్ల ప్యానెల్ ఇచ్చేది దాదాపు 450 వాట్-అవర్లు. ఖర్చు 760. రోజుకు 310 లోటు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి; వాడుకోదగిన 1,350 వాట్-అవర్ల గాదె నాలుగు రోజుల్లో అడుగంటుతుంది. మరీ ముఖ్యంగా, ఆ నాలుగు రోజుల్లో బ్యాటరీ ఒక్కసారి కూడా నిండదు.

అదే ప్యానెల్‌ను దక్షిణానికి తిప్పి 50 డిగ్రీల మేర పైకి వంచి నిలబెడితే వెలుగు 5 గంటలకు చేరువవుతుంది. ఆదాయం 750కి పెరిగి ఖర్చుకు దాదాపు సరితూగుతుంది. మబ్బు రోజుల కోసం 300 వాట్లు పెట్టుకుంటే గాదె నిండటానికి మిగులు కూడా ఉంటుంది. వంచి నిలబెట్టిన ప్యానెల్‌ను ఎడారి గాలి ఎగరగొట్టకుండా బిగించాలి, బండి కదిలే ముందు దించాలి. ప్యానెల్‌లో చిన్న మూల మీద చెట్టు కొమ్మ నీడ పడినా ఆదాయం ఆ మూల మేరకు మాత్రమే తగ్గదు, చాలా ఎక్కువ తగ్గుతుంది. బండిని నీడన నిలపాలనుకునేవారు పొడవైన తీగతో ఎండలో పెట్టుకునే విడి ప్యానెల్ ఎంచుకోవడం మేలు.

నిండిందో లేదో ఎలా తెలుస్తుంది?

ట్రైలర్ గోడ మీద వెలిగే నాలుగు చుక్కల సూచికను నమ్మరాదు. ఛార్జి అవుతున్నప్పుడు ఏ బ్యాటరీ అయినా నిండినట్టే చూపుతుంది. ఛార్జర్‌ను, పరికరాలను ఆపి కొన్ని గంటలు విశ్రాంతి ఇచ్చాక మల్టీమీటర్‌తో కొలవాలి. 12 వోల్టుల సీసం బ్యాటరీ 12.6 నుంచి 12.7 చూపితే నిండుగా ఉన్నట్టు. 12.4 అయితే ముప్పావు, 12.2 అయితే సగం, 12.0 అయితే పావు వంతు మిగిలినట్టు. మూతలు తీయగల బ్యాటరీకి హైడ్రోమీటర్ ఇంకా నమ్మదగిన సాక్షి. అమెరికాలో అమ్మే బ్యాటరీ నిండినప్పుడు ఆమ్ల సాంద్రత 1.265 దగ్గర ఉంటుంది. వేడి ప్రాంతాల కోసం తయారైన వాటిలో అంతకంటే తక్కువ ఉంటుంది కాబట్టి తయారీదారు చెప్పిన సంఖ్యతోనే పోల్చాలి.

లిథియం స్వభావం వేరు

లిథియం అయాన్ బ్యాటరీల కృషికి 2019లో రసాయన శాస్త్ర నోబెల్ పొందిన ముగ్గురిలో ఒకరైన జాన్ గుడినఫ్ బృందం టెక్సాస్ విశ్వవిద్యాలయంలో 1990లలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పదార్థాన్ని బ్యాటరీకి అనువైనదిగా గుర్తించింది. నేడు ట్రైలర్లలో సీసం స్థానాన్ని ఆక్రమిస్తున్నది ఆ రకమే. 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలో 80 నుంచి 90 శాతం వరకు, అంటే 1,000 వాట్-అవర్లకు పైగా నిశ్చింతగా వాడుకోవచ్చు. బరువు సీసంలో సగానికి లోపే. వేల సార్లు నింపి ఖాళీ చేయవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైన తేడా ఏమిటంటే, దానికి సల్ఫేషన్ లేదు. సగం నిండి ఉండటం సీసానికి రోగం, లిథియానికి ఆరోగ్యం. మబ్బు కమ్మిన వారం రోజులు నిండకపోయినా దానికి నష్టం లేదు.

దాని శత్రువు చలి. ఉష్ణోగ్రత 0 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువగా ఉన్నప్పుడు ఛార్జి చేస్తే లిథియం లోహపు పొరగా లోపల పేరుకుని శాశ్వత హాని చేస్తుంది. మంచి బ్యాటరీల్లోని రక్షణ సర్క్యూట్ ఆ స్థితిలో ఛార్జింగ్‌ను ఆపేస్తుంది, లేదా ముందుగా వేడి చేసుకుంటుంది. కొనేముందు ఈ ఏర్పాటు ఉందో లేదో అడగాలి. సీసం బ్యాటరీకి ఉద్దేశించిన ఈక్వలైజేషన్ అనే అధిక వోల్టేజీ దశను ఛార్జర్‌లో మూసివేయాలి. లిథియం బ్యాటరీ కారు ఆల్టర్నేటర్ నుంచి హద్దు లేకుండా కరెంటు లాగి దాన్ని వేడెక్కించగలదు కాబట్టి మధ్యలో డీసీ-డీసీ ఛార్జర్ తప్పనిసరి.

సీసానికీ చలి ముప్పు ఉంది, కానీ అది కూడా నిండకపోవడంతోనే ముడిపడి ఉంది. నిండిన బ్యాటరీలోని ఆమ్లం మైనస్ 50 డిగ్రీల వద్ద కూడా గడ్డకట్టదు. ఖాళీ అయినదాంట్లో ఎక్కువగా నీరే ఉంటుంది కాబట్టి మైనస్ 8 డిగ్రీల దరిదాపుల్లోనే గడ్డకట్టి డబ్బా పగలవచ్చు.

నీరు, గాలి, జాగ్రత్త

మూతలున్న సీసం బ్యాటరీలో నెలకోసారి నీటిమట్టం చూడాలి. డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ పోయరాదు. ఆమ్లం అసలే పోయరాదు. ఛార్జింగ్‌కు ముందు ప్లేట్లు తేలి కనిపిస్తే అవి మునిగేంత వరకే పోసి, మిగతాది పూర్తిగా ఛార్జి చేశాక నింపాలి. ముందే నిండుగా పోస్తే ద్రవం పొంగి బయటికి వస్తుంది. టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లని పొడిని వంట సోడా కలిపిన నీటితో తుడవాలి, ఆ నీరు లోపలికి పోకుండా మూతలు బిగించి ఉంచాలి.

ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో 4 శాతానికి చేరితే అది మండగలదు. అందుకే బ్యాటరీ పెట్టెకు గాలి రంధ్రాలు ఉండాలి, దగ్గర్లో నిప్పు ఉండరాదు. పనిచేసేటప్పుడు చేతి ఉంగరం, గడియారం తీసేయాలి. రెండు టెర్మినళ్లకూ ఒకేసారి తగిలిన లోహం క్షణంలో ఎర్రగా కాలుతుంది. విప్పేటప్పుడు ముందు నెగెటివ్ తీగ, బిగించేటప్పుడు చివర నెగెటివ్ తీగ అన్నది నియమం. కళ్లద్దాలు, చేతి తొడుగులు మరువరాదు.

బండిని నెలల పాటు వాడకుండా ఉంచేటప్పుడు సీసం బ్యాటరీని నిండా నింపి, తీగ విప్పి, నెలకోసారి మళ్లీ ఛార్జి చేయాలి. లిథియాన్ని మాత్రం సగం నిండుగా ఉంచి తీగ విప్పాలి.

మన ఇళ్లకూ ఇదే లెక్క

భారత్‌లో లాగుడు ట్రైలర్లు అరుదు. కేరళ ప్రభుత్వం 2021లో ‘కేరవాన్ కేరళ’ పేరిట ప్రోత్సాహం మొదలుపెట్టాక ఈ తరహా ప్రయాణం గురించి చర్చ పెరిగింది. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాల్లోనూ సెలవులకు ఇలాంటి బండి అద్దెకు తీసుకునేవారు ఉన్నారు. అయితే బండి ఎక్కకపోయినా ఈ పాఠం మనకు దూరం కాదు. కరెంటు కోతలు ఎక్కువగా ఉండే ఊళ్లలో ఇన్వర్టర్ బ్యాటరీ పూర్తిగా నిండకముందే మళ్లీ ఖాళీ అవుతుంటుంది. అది త్వరగా పాడవడానికి కారణం క్వార్ట్‌జ్‌సైట్‌లోని ట్రైలర్ బ్యాటరీకి ఉన్న కారణమే. దానికి మన వేసవి తోడవుతుంది. 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి 8 నుంచి 10 డిగ్రీల ఉష్ణోగ్రతకు సీసం బ్యాటరీ ఆయుష్షు సుమారు సగం తగ్గుతుంది. మేడ మెట్ల కింద గాలి ఆడని అరలో కాకుండా చల్లగా, గాలి వచ్చే చోట దాన్ని ఉంచాలి.

చనిపోయిన బ్యాటరీని వీధి పాతసామాను వ్యాపారికి ఇవ్వడం మనకు అలవాటు. రక్షణ లేని బట్టీల్లో దాన్ని పగలగొట్టి కరిగిస్తే వెలువడే సీసపు పొగ, దుమ్ము చుట్టుపక్కల పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. కేంద్రం 2022 ఆగస్టులో తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు పాత బ్యాటరీలను తిరిగి సేకరించి పునర్వినియోగానికి పంపే బాధ్యతను తయారీదారులపై ఉంచాయి. వాటిని ఇతర చెత్తలో కలపకుండా విడిగా అప్పగించే బాధ్యత వినియోగదారుడిది. కొత్తది కొనేచోటే పాతది ఇచ్చి రసీదు తీసుకోవడం సులువైన మార్గం.

ఎడారిలోనైనా, మేడ మీదైనా చేయవలసిన పని ఒకటే. ఇంట్లో ఉన్నది సీసమో లిథియమో తెలుసుకోవాలి. సీసమైతే ఎంత వాడామన్నదానితో పాటు, మళ్లీ అంచుదాకా నింపి ఎన్ని రోజులైందన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. దానికి సమాధానం వారం దాటితే, ఈ రోజే నింపాలి.